సంసోనుకి పట్టే పెట్టె

సింహాద్రి చేసిన గుమ్మానికి తలుపు వానాకాలంలో కూడా బిగుసుకోదని తాటిపాక చుట్టుపక్కల పేరు. అందులో మంత్రమేమీ లేదు. చెక్క ఎండేదాకా అతను ముట్టుకోడు, అంతే. ముహూర్తం దాటిపోతోందని ఇల్లు కట్టించేవాళ్లు ఎంత మొత్తుకున్నా, "ఇంకా పచ్చి ఉందండి" అని చెప్పి పంపేస్తాడు. అలా చేతికొచ్చిన పనులు కొన్ని జారిపోయేవి. వాటి గురించి బాధపడడం అతని భార్య ఉమామహేశ్వరి వంతు. అతను మాత్రం చిత్రిక పడుతూ ఉండేవాడు.

తాటిపాక సెంటర్ నుంచి రాజోలు వెళ్లే రోడ్డులో, ఎరువుల కొట్టు దాటాక అతని రేకుల షెడ్డు. వెనకాలే రెండు గదుల ఇల్లు. యాభై నాలుగేళ్ల మనిషి, సన్నగా, కాస్త ముందుకి వంగినట్టుంటాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది.

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున్న, స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు రేచల్. మామిడికుదురులో అద్దె ఇంట్లో ఉంటూ, అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది. నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయిగారూ, మీరు పెట్టెలు చేస్తారాండి?"

"చేస్తానమ్మా. బట్టలకా, బియ్యానికా?"

"కుక్కకండి. విమానంలో తీసుకెళ్లాలి."

సింహాద్రి చిత్రిక ఆపి తలెత్తాడు. ఆ అమ్మాయి ముఖంలో హాస్యం ఎక్కడా లేదు.

"విమానంలోకి కుక్కని రానిస్తారాండి?"

"రానిస్తారండి. రూలు ప్రకారం ఉండాలి, అంతే."

ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో అరచేయి మందాన కాగితాలు ఉన్నాయి. ఆ కాగితాల వెనక ఏడాది కథ ఉందని, ఉమామహేశ్వరి ఇచ్చిన టీ తాగుతూ ఆమె చెప్పుకొచ్చింది.

రేచల్‌కి జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ భాష నేర్చుకోవడానికే రెండేళ్లు పట్టింది. పరీక్ష ఒకసారి పోయింది, రెండోసారి గట్టెక్కింది. వీసా వచ్చింది. అందరూ సంతోషించారు. ఆమె మాత్రం నేరుగా పశువుల డాక్టరు సత్యనారాయణమూర్తి గారి దగ్గరకి వెళ్లి, "మా సంసోనుని తీసుకెళ్లాలంటే ఏం చెయ్యాలండి?" అని అడిగింది.

సంసోను అంటే ఊరకుక్కే. కాకపోతే దూడంత ఉంటుంది. ఆరేళ్ల క్రితం రావులపాలెం రోడ్డు మీద అరటిగెలల లారీ గుద్దేసి పోతే, కాలవ గట్టున పడి ఉంది. డ్యూటీకి వెళ్తున్న రేచల్ దాన్ని ఆటోలో ఇంటికి తెచ్చింది. ఆ రోజు ఆదివారం, పశువుల ఆస్పత్రి లేదు. వెనక కాలికి తనే వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. మోకాలు మళ్లీ మడతపడలేదు. నడుస్తుంది, పరిగెడుతుంది కూడా. పడుకున్నప్పుడు మాత్రం ఆ కాలు పక్కకి కర్రలా చాపుకునే ఉండాలి.

"మా తమ్ముడు ఎవరికైనా ఇచ్చెయ్యమంటాడండి. చర్చిలో వాళ్లూ అదే మాట. మనుషులే వెళ్లలేకపోతుంటే కుక్కేంటి అంటారు," అంది రేచల్. "ఆ కాలు నేను కట్టేనండి బాబాయిగారూ. మనిషికి కట్టినట్టు కట్టేను, అందుకే అలా అయింది. ఇంకొకరి ఇంట్లో ఆ కాలు చూసి కుంటిదని తన్నేరనుకోండి, ఆ తన్ను నాదే కదండీ."

తను బిగించిన తలుపు ఇంకొకరింట్లో కిర్రుమంటే సింహాద్రికి నిద్ర పట్టదు. ఆ అమ్మాయి మాట అతనికి బాగానే అర్థమైంది.

డాక్టరు గారు ఆమెని ముందు ఒక విషయంలో నిలబెట్టేశారట. సంసోనుకి ఏటేటా రేబిస్ టీకా వేయిస్తూనే ఉంది, పుస్తకం కూడా ఉంది. అయినా అవేవీ చెల్లవన్నారు. ముందు మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్ పెట్టించాలి. అందులో పదిహేను అంకెల నంబరుంటుంది. టీకా ఆ తరవాతే వెయ్యాలి. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఏ కుక్కకి వేశారో ఎవరికి తెలుసు, అంటుంది అక్కడి చట్టం. చిప్ తెప్పించి పెట్టించారు. మళ్లీ టీకా వేయించారు. ముప్పై రోజులు ఆగి రక్తం తీసి, ఆమోదం ఉన్న లాబుకి పంపారు. ఒంట్లో టీకా తాలూకు శక్తి చాలినంత ఉందని రిపోర్టు వచ్చింది. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిస్తే గానీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. ఉద్యోగంలో చేరే తేదీని ఆమె రెండుసార్లు వెనక్కి జరిపించుకుంది. మూడోసారి జరిపేది లేదని అక్కడి ఆస్పత్రివాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు. ఫిబ్రవరి మూడో తేదీకి టికెట్టు.

"అన్నీ అయినట్టేనండి. పెట్టె ఒక్కటే దొరకటం లేదు," అంది. "విజయవాడ నుంచి అన్నిటికన్నా పెద్ద ప్లాస్టిక్ పెట్టె తెప్పించేను. నిలబడ్డానికి సరిపోయింది. పడుకుంటే కాలు తలుపుకి తన్నుతోంది."

"ముందు కుక్కని చూడాలండి," అన్నాడు సింహాద్రి.

ఆ సాయంత్రమే సైకిలు మీద మామిడికుదురు వెళ్లాడు. గేటు దగ్గర సంసోను నిలబడి గుర్రుమంది. గోధుమరంగు, నిక్కబొడుచుకున్న చెవులు. సింహాద్రి టేపు బయటికి తియ్యకుండా అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. రెండోది కూడా కాల్చాక కుక్క వచ్చి అతని చేతులు వాసన చూసింది. అప్పుడు టేపు తీశాడు. నేల నుంచి చెవుల కొన దాకా ముప్పై ఒక్క అంగుళాలు. ముక్కు నుంచి తోక మొదలు దాకా నలభై. పడుకున్నాక చాపిన కాలుతో కలిపి అడ్డం ఎంతో కొలవడానికి గంట సేపు ఎదురుచూడాల్సొచ్చింది, అది పడుకోవాలి కదా. రేచల్ తోయబోతే వద్దన్నాడు.

"దానంతటది పడుకోవాలండి. బలవంతంగా పడుకోబెడితే కొలత తప్పొస్తుంది."

*

మొదటి పెట్టె అతను పనస చెక్కతో చేశాడు. ఒక పాత లోగిలి విప్పినప్పుడు కొన్న చెక్క, పదేళ్లుగా దాచుకున్నది. పసుపు పచ్చగా మెరిసే ఆ చెక్కకి నాలుగు మూలలా అంచులకి పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి కూర్చి, మేకులు కనబడకుండా బిగించాడు. కుక్కకిది ఎక్కువనిపించేంత అందంగా వచ్చింది. ఎరువుల కొట్టాయన వచ్చి చూసి, మా పూజామందిరానికి కూడా ఇలాంటి పని చెయ్యలేదు కదయ్యా అన్నాడు.

రేచల్ ఫోటోలు తీసి విమానసంస్థ వాళ్లకి పంపింది. రెండు రోజులకి జవాబు వచ్చింది. షెడ్డు దగ్గర నిలబడి చదివి వినిపించడానికి ఆమె నీళ్లు నమిలింది.

"వేడి చెయ్యని చెక్కంతా వాళ్ల లెక్కలో పచ్చిదేనట, పనికిరాదంటున్నారండి. చెక్కలో పురుగుంటే వాళ్ల దేశం అడవులకి పట్టుకుంటుందట. బట్టీలో పెట్టి వేడి చేసి ముద్ర వేసిన చెక్క అయితే ఒప్పుకుంటారు. మేకులు వద్దట, బోల్టులే ఉండాలట. గాలికి కన్నాలు కూడా చాలవంటున్నారు."

"పనసకి పురుగు పట్టదండి."

"నాకు తెలుసండి. వాళ్లకి కాగితం కావాలి."

సింహాద్రి ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఉమామహేశ్వరి గుమ్మంలోంచి చూస్తూ, "ఇంక వదిలెయ్యండి. ఆ అమ్మాయికి చెప్పెయ్యండి మన వల్ల కాదని. గుమ్మాల పనులు రెండు ఆగిపోయి ఉన్నాయి," అంది.

"ముద్ర అక్కర్లేని చెక్కేదైనా ఉందేమో అడగండి," అన్నాడు అతను రేచల్‌తో, భార్య మాట వినబడనట్టే.

ప్లైవుడ్‌కి ముద్ర అక్కర్లేదని తేలింది. పొరలు అతికించేటప్పుడే వేడికి పురుగు చచ్చిపోతుంది కనక దాన్ని పచ్చి చెక్క కింద లెక్కెయ్యరు. సింహాద్రికి జీవితంలో పడని వస్తువేదన్నా ఉంటే అది ప్లైవుడ్డే. దాన్ని అట్టముక్క అంటాడు. అలమరాలకి ప్లైవుడ్ వెయ్యమని అడిగినవాళ్లని అమలాపురం పొమ్మనేవాడు. ఇప్పుడు తనే అమలాపురం వెళ్లి, ప్రతి పలకనీ అంచు దగ్గర గోటితో గీకి చూసి, మందం పలకలు ఏరి ఆటోలో వేసుకొచ్చాడు.

పలకలు గోడకి చేరవేసి, "ఈసారి చెయ్యి పెట్టకముందే అన్ని రూళ్లూ చదవండి. ఒక్కటి కూడా వదలకండి. ఇంగ్లీషు కాదు, తెలుగులో చెప్పండి," అన్నాడు. చెవి మీద పెన్సిలు తీసి గోడ దగ్గర నిలబడ్డాడు.

రేచల్ ఫోను చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "మొదటిదండి. లోపల జంతువు మామూలుగా నిలబడగలగాలి. చుట్టూ తిరగగలగాలి. అలవాటైన తీరులో పడుకోగలగాలి."

సింహాద్రి రాయలేదు.

"మళ్లీ చెప్పండి."

చెప్పింది. అతను గోడ మీద రాశాడు: నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి. రాసి అక్కడే ఆగిపోయాడు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఉమామహేశ్వరి కూడా ఆగింది.

"నేను గల్ఫులో రెండేళ్లున్నానండి," అన్నాడు, గోడ వైపే చూస్తూ. "ఫర్నిచర్ పనన్నారు. తీసుకెళ్లి సెంట్రింగు పనిలో పడేసేరు. గదికి పద్నాలుగు మందిమండి. ఒకదాని మీద ఒకటి మూడు మంచాలు. నాది పైది. లేచి కూచుంటే తల స్లాబుకి తగిలేది. పక్కకి తిరగాలంటే రేకు గీసుకునేది భుజానికి. బట్టలు మార్చుకోవాలంటే కిందకి దిగాలి, కింద నిలబడ్డానికి చోటుండేది కాదు. మొదట్లో నెల్లాళ్లు నిద్రే పట్టలేదండి. తరవాత అలవాటైంది."

రేచల్ ఫోను దించేసింది.

"కుక్కకి ఇంత చోటుండాలని ఎవరో కూచుని రాసేరు చూడండి. మంచి పని. ఉండాలి," అన్నాడు సింహాద్రి. గొంతులో ఎక్కడా వేళాకోళం లేదు. "ఇందులో అంగుళం తగ్గనివ్వనండి నేను. రెండోది చదవండి."

ఆమె చదివింది. అతను రాశాడు. నాలుగు వైపులా గాలి ఆడాలి. ముక్కు గానీ పంజా గానీ దూరేంత కన్నం ఉండకూడదు. అడుగున చెమ్మ కారకూడదు. నీళ్ల గిన్నె లోపల ఉండాలి, తలుపు తియ్యకుండానే బయటి నుంచి నీళ్లు పొయ్యగలగాలి. పక్క పెట్టెలు ఆనుకుని గాలి ఆగిపోకుండా చుట్టూ పట్టీలు పొడుచుకుని ఉండాలి. చక్రాలు ఉండకూడదు. కుక్కకి మత్తుమందు ఇవ్వకూడదు. గోడ సగం నిండింది.

రేచల్ వెళ్లిపోయాక ఉమామహేశ్వరి గ్లాసులు తీస్తూ అడిగింది.

"అప్పట్లో మంచి మంచం ఇచ్చేరని ఉత్తరం రాసేరు కదండీ?"

"మంచమే కదే. అబద్ధమేం రాసేను?"

మర్నాటి నుంచి ఆమె గుమ్మాల పని ఊసు ఎత్తలేదు. ఆ పని చేయించుకునే సూర్యనారాయణ గారు వచ్చి గట్టిగా అడిగితే, "ఇంకా పచ్చి ఉందండి" అని తనే చెప్పి పంపేసింది.

*

రెండో పెట్టె పన్నెండు రోజులు పట్టింది. పట్టీలకి కూడా పచ్చి చెక్క వాడకూడదు గనక, ప్లైవుడ్‌నే సన్నగా కోసి రెండేసి పొరలు అతికించి పట్టీలు చేశాడు. ఒక్క మేకు లేదు, అన్నీ బోల్టులే. లోపలివైపు బోల్టు తలలు చేతికి తగలకుండా గుంటలు తీసి దించాడు. తలుపుకి ఇనప ఊచల జాలీ చేయించాడు. అడుగున చెమ్మ కారకుండా, తలుపు దగ్గర కూడా కలిపి చుట్టూ మూడంగుళాల ఎత్తున గట్టు కట్టాడు.

సంసోను అందులోకి పోనంది.

రేచల్ రోజూ డ్యూటీకి వెళ్లేముందు దాన్ని ఆటోలో తెచ్చి షెడ్డు దగ్గర వదిలి వెళ్లేది. పెట్టె అలవాటైతే గానీ అన్ని గంటల ప్రయాణం తట్టుకోదని డాక్టరు గారు చెప్పారు. తలుపు తీసి పెట్టారు. లోపల కోడికాలు పెట్టారు. రేచల్ పాత చున్నీ పరిచారు. కుక్క ముందుకాళ్లు లోపల పెట్టి, మెడ సాచి కోడికాలు లాక్కుని బయటకి వచ్చేసేది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు రేచల్ ముఖం వాడిపోయింది.

"భయపడుతోందేమోనండి. బలవంతంగా తోసేస్తే ఇంక ఎప్పటికీ ఎక్కదు."

సింహాద్రి చొక్కా విప్పి పక్కన పడేసి, మోకాళ్ల మీద వంగి, తనే పెట్టెలో దూరాడు. రోడ్డున పోయేవాళ్లు ఇద్దరు ఆగి చూశారు. ఉమామహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లోపల ఒదిగి పడుకుని, నాలుగు వైపులా చేత్తో తడిమి చూశాడు. ఒక బోల్టు తల దగ్గర గరుకు తగిలితే పెన్సిలుతో గుర్తు పెట్టాడు. వాసన చూశాడు. తిరిగి బయటికి వస్తూ కుడి మోకాలు మడవకుండా, కాలు కర్రలా బిగబట్టి రావాలని ప్రయత్నించాడు. పాదం గట్టుకి తగిలి బోర్లా పడ్డాడు.

నేల మీద కూర్చునే అన్నాడు. "భయం కాదండి. గట్టు. మడవని కాలు మూడంగుళాలు ఎలా ఎత్తుతుంది? ముందుకాళ్లు పెడుతోంది, వెనక కాలు తగలగానే ఆగిపోతోంది. నేనే చూసుకోలేదు."

గట్టు తీసేస్తే చెమ్మ కారుతుంది. ఉంచితే కుక్క ఎక్కదు. సింహాద్రి ఆ రోజంతా ఇంకో పని ముట్టుకోలేదు. సాయంత్రానికి తలుపు దగ్గర గట్టు కోసేసి, రెండు వైపులా గాడి తీసి, పై నుంచి జారవిడిచే అడ్డపట్టీ ఒకటి చేశాడు. కుక్క ఎక్కాక పట్టీ దింపి, రెండు బోల్టులు బిగిస్తే సరి. అడుగున రబ్బరు అంటించాడు. బిందెడు నీళ్లు పోసి చూశాడు. చుక్క కారలేదు.

మర్నాడు సంసోను చదునైన గడప మీద వంకర కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది. ఒకసారి చుట్టూ తిరిగింది. కాలు పక్కకి చాపుకుని పడుకుంది. కాలికీ చెక్కకీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. సింహాద్రి ఎదురుగా కూర్చుని ఆ సందుకేసి చాలాసేపు చూశాడు. మూడో వారానికి అది మధ్యాహ్నం నిద్ర అందులోనే పోవడం మొదలుపెట్టింది, రంపం మోతకి కూడా లేచేది కాదు. రేచల్ పంపిన కొత్త ఫోటోలకి విమానసంస్థ వాళ్లు కూడా సరే అన్నారు.

ఆ పనస పెట్టె మాత్రం షెడ్డులో ఒక మూలన కొన్నాళ్లు ఉండి, చివరికి విడిపోయి ఒక ఇంటి కిటికీ అయింది.

*

హైదరాబాదు దాకా తనూ వస్తానన్నాడు సింహాద్రి. రేచల్ వద్దంది, శ్రమ దేనికంది. "పెట్టె నాదండి. ఎవరైనా అందులో వంక పెడితే జవాబు చెప్పేవాడు ఉండాలి కదండీ," అన్నాడు. కన్నాలు వేసే బర్మా, రెండు రెంచీలు, గరుకు కాగితం, ఇరవై బోల్టులు సంచిలో వేసుకున్నాడు. సత్యనారాయణమూర్తి గారు కుక్కని ఆఖరిసారి పరీక్ష చేసి, ఆరోగ్యంగా ఉందని కాగితం రాసిచ్చారు. చిప్ చదివే పరికరం మెడ మీద పెట్టి, అంకెలు కాగితాల్లోని అంకెలతో ఒకటొకటిగా చదివి సరిచూశారు. "ఒక్క అంకె తప్పుంటే అక్కడ దిగాక దీన్ని నిలిపేస్తారమ్మా. నా కళ్లు నేను నమ్మను, మీరూ చదవండి," అన్నారు.

వ్యాను తెల్లవారుజామున బయల్దేరి రావులపాలెం దగ్గర వంతెన ఎక్కింది. సంసోను గోదారి గాలికి ముక్కు పైకెత్తింది.

హైదరాబాదులో ముందు జంతువుల క్వారంటైను ఆఫీసు. అక్కడ అధికారి ఒకావిడ ప్రతి కాగితం చదివి, చిప్ మళ్లీ చూసి, రక్తం తీసిన తేదీ నుంచి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, మూడు నెలలు దాటిందని తృప్తి పడ్డాక ముద్ర వేసింది. ఆ ముద్ర పడిన పది రోజుల్లోపు కుక్క అక్కడికి చేరాలి. ముద్ర పడ్డ చప్పుడుకి రేచల్ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటోందని సింహాద్రి పక్కకి జరిగాడు.

మర్నాడు విమానాశ్రయంలో విమానసంస్థ కుర్రాడు ఒకడు టేపుతో వచ్చి పెట్టె కొలిచాడు. ఎత్తు సరే, పొడుగు సరే. కుక్కని లోపల నిలబెట్టి, తిప్పి, పడుకోబెట్టి చూశాడు. అదీ సరే. తలుపు పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు.

"వెనకవైపు గాలి కన్నాలు పై భాగంలోనే ఉన్నాయండి. కింద సగంలో కూడా ఉండాలి. అలాగే తలుపు నాలుగు మూలలా ప్లాస్టిక్ పట్టీలు బిగించడానికి కన్నాలు కావాలి. ఇవి లేకుండా నేను తీసుకోలేనండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

రేచల్ ముఖం తెల్లబోయింది. "ఫోటోలు పంపినప్పుడు సరే అన్నారు కదండీ?"

"ఫోటోలో వెనకవైపు లేదు మేడం."

నిజమే. ఫోటో తీసినప్పుడు పెట్టె గోడకి ఆనించి ఉంది.

"ఎంతసేపుందండి?" అన్నాడు సింహాద్రి.

"కౌంటరు మూసెయ్యడానికి గంటన్నర."

"ఆయ్, చాలండి."

పని లోపల చెయ్యకూడదన్నారు. పెట్టె ట్రాలీ మీద బయటికి తోసుకుని, వాహనాలు ఆగే చోట ఒక స్తంభం పక్కన దింపాడు. రేచల్ కుక్కని పట్టుకుని నిలబడింది. సింహాద్రి కింద కూర్చుని, పెన్సిలుతో గీతలు గీసి, బర్మా ఆనించాడు. కరెంటు బర్మా ఇంటి దగ్గర ఉంది. ఇది చేత్తో తిప్పేది, వాళ్ల నాన్నది. మందం ప్లైవుడ్‌కి ఒక్కో కన్నానికి రెండు నిమిషాలు పట్టింది. పెట్టెలు లాక్కెళ్లేవాళ్లు అతని చుట్టూ తిరిగి వెళ్లారు. భద్రతా సిబ్బంది ఒకాయన వచ్చి ఏమిటని అడిగితే, రేచల్ కాగితాలు చూపించింది. ఆయన కుక్కనీ కాగితాలనీ మార్చి మార్చి చూసి, త్వరగా కానివ్వమని అక్కడే నిలబడ్డాడు.

"తొందరపడకండి బాబాయిగారూ," అంది రేచల్. ఫోనులో టైము చూసుకుంటూనే ఉంది.

"తొందరపడితే పొర లేచిపోతుందండి. లేస్తే పెచ్చు గుచ్చుకుంటుంది దానికి. నేను తొందరపడను. మీరూ పడకండి."

వెనక పద్దెనిమిది కన్నాలు, తలుపు మూలలకి ఎనిమిది. ప్రతి కన్నంలోనూ వేలు పెట్టి గరుకు కాగితంతో రుద్దాడు. చివరి రెండు కన్నాలకి అరచేతిలో బొబ్బ చితికింది. రుమాలు చుట్టుకుని తిప్పాడు. లేచి నిలబడేసరికి గంటా పది నిమిషాలైంది.

కుర్రాడు కన్నాలు లెక్కపెట్టలేదు. చేత్తో ఒకసారి తడిమి చూసి, తలుపుకి నాలుగు పట్టీలు బిగించి, పెట్టెకి రెండు వైపులా ప్రాణమున్న జంతువు అని రాసిన కాగితాలు, పైకి బాణం గుర్తులు అంటించాడు. సంసోను గడప దాటి లోపలికి వెళ్లి, తిరిగి, కాలు చాపుకుని పడుకుంది. సింహాద్రి అడ్డపట్టీ దింపి బోల్టులు బిగించాడు. నీళ్లు బయటి నుంచి గిన్నెలో పోశాడు.

రేచల్ వంగి అతని కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి తగ్గాడు.

"వద్దమ్మా. దిగగానే ముందు ఆ కుడివైపు బోల్టు చూడండి. అది కాస్త వదులవ్వొచ్చు."

*

విమానం దిగాక అక్కడి అధికారులు చిప్ చదివి, కాగితాలు చూసి, పావుగంటలో వదిలేశారని రేచల్ ఫోను చేసి చెప్పింది. కుక్క రెండు రోజులు సరిగా తినలేదట. మూడో రోజు మంచులోకి వెళ్లి, ముందుకాలు పైకెత్తి నిలబడిపోయి, మళ్లీ లోపలికి వచ్చేసిందట. ఆ బోల్టు వదులవ్వలేదని కూడా చెప్పింది.

"ఎడమవైపుది?"

"అదీ లేదండి."

"ఆయ్," అన్నాడు సింహాద్రి, అదొక్కటే తెలుసుకోవాలన్నట్టు. తరవాత ఆమె ఆస్పత్రి గురించి, చలి గురించి, అక్కడి రొట్టె గురించి చెబుతుంటే ఫోను ఉమామహేశ్వరికి ఇచ్చేశాడు. ఆవిడ అరగంట మాట్లాడింది.

సూర్యనారాయణ గారి గుమ్మాలు మార్చికి పూర్తయ్యాయి. ఆలస్యమైందని ఆయన నాలుగు మాటలన్నారు. సింహాద్రి నాలుగూ విని, తలుపు తీసి వేసి చూపించాడు.

ఏప్రిల్లో కాట్రేనికోన నుంచి ఎవరో ఫోను చేశారు. మస్కట్‌లో ఉద్యోగం చేసే భార్యాభర్తలట, ఇంటి పిల్లిని తీసుకెళ్లాలట. రేచల్ వాళ్ల చర్చిలో ఎవరి ద్వారానో ఈ నంబరు తెలిసిందట. పిల్లి ఫోటో, కొలతలు వాట్సాప్‌లో పంపిస్తామన్నారు.

"ఫోటో వద్దండి," అన్నాడు సింహాద్రి. "చిప్ పెట్టించేరా? టీకా దాని తరవాతే వేయించేరా? ముందు అది చూసుకోండి. ఆ దేశానికి ఏం రూళ్లున్నాయో తెలుగులో రాయించుకోండి. తరవాత పిల్లిని పట్టుకుని ఇక్కడికి రండి. పొద్దున్న వస్తే సాయంత్రం దాకా ఉండాల్సొస్తుంది."

"కొలతకి అంతసేపెందుకండి?" అన్నాడు అవతలాయన.

"అది పడుకోవాలి కదండీ," అన్నాడు సింహాద్రి.